క్లాక్ టవర్ దగ్గరి పాత హోటల్‌ను ఉంచాలా, పోనివ్వాలా?

పాతబజారు (చర్చ మొదలుపెట్టినవారు)

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ నుంచి రెండు నిమిషాలు నడిస్తే వచ్చే బంగ్లా హోటల్ గురించి ఈ చర్చ. దాని బోర్డు మీద పేరు మూడుసార్లు మారింది. ఊళ్లో ఎవరూ ఆ పేర్లతో పిలవలేదు కాబట్టి నేనూ రాయడం లేదు. అందరికీ అది పాత హోటల్. కింద చాయ్, టిఫిన్, భోజనం. పైన తొమ్మిది గదుల లాడ్జి. లాడ్జి మూతపడి పదేళ్ళు దాటింది. మొన్న ఉగాది తర్వాత కింద హోటల్ షట్టర్ కూడా దించేశారు. వారసులు అమ్మకానికి పెట్టారని, కొనేవాళ్ళు మొత్తం పడగొట్టి కాంప్లెక్స్ కడతారని విన్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. దాన్ని పడగొట్టనివ్వకూడదు. కలెక్టర్ గారికి అందరం కలిసి దరఖాస్తు పెట్టాలి.

నాకు ఆరేళ్ళప్పుడు మా తాత నన్ను శనివారం శనివారం అక్కడికి తీసుకెళ్ళేవాడు. పాలరాయి పలక వేసిన బల్ల, వంపు తిరిగిన నల్ల కుర్చీ. చాయ్ సాసర్‌లో పోసి ఊది నాకిచ్చి, కప్పులో మిగిలింది ఆయన తాగేవాడు. ఉస్మానియా బిస్కెట్ సగం విరిచి ముంచితే అడుగున పడిపోయేది, దాన్ని చెంచాతో తీసిపెట్టేవాడు. పై అంతస్తు వరండా మీద సున్నంతో చేసిన లతలు, వాటి మధ్య ఒక రాయి ఉంటాయి. రాయి మీద ఉర్దూ అంకెల్లో 1346 అని చెక్కారు. ఇది ఆరో నిజాం కాలం నాటి కట్టడమని, ఆయన పాలమూరు వచ్చినప్పుడు పై గదిలో బస చేశాడని మా తాత చెప్పేవాడు. మన ఊరికి 1890లో ఆయన పేరే కదా పెట్టారు.

పాతది అని మన పిల్లలకు చూపించడానికి ఈ ఊళ్లో ఏం మిగిలింది? పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్ళు కట్టి, చుక్క చుక్క మందు ఎక్కించి బతికించుకున్నాం. ఒక చెట్టు కోసం అంత చేసిన ఊరు ఒక భవనం కోసం ఒక్క కాగితం రాయలేదా? మీరేమంటారో రాయండి.

గల్లా మీది మనవడు

ఆ ఇంటి వారసుల్లో నేను ఒకణ్ణి. మా తాతే ఆ గల్లా మీద నలభై ఏళ్ళు కూర్చున్నది. పాతబజారు అన్నా, మీరు రాసింది చదివి మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా నేను చెప్పాల్సింది చెప్పాలి.

మా తాతకు ఏడుగురు పిల్లలు. ఈరోజు ఆ ఇంటి కాగితం మీద సంతకం పెట్టాల్సినవాళ్ళు ఇరవై ఇద్దరం. అందులో ముగ్గురికి ఆపరేషన్లు అయ్యాయి, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆగి ఉన్నాయి. ముందు వైపు మూడు దుకాణాలు కిరాయికి ఉన్నాయి. ఆ కిరాయిలు మా తాత మాట ఇచ్చిన కాలం నాటివి. మూడూ కలిపినా ఇప్పటి కరెంటు బిల్లుకు సరిపోవు. వానాకాలం వచ్చిందంటే మాకు టెన్షన్. పోయినేడు జూలైలో నాలుగో నంబర్ గది కప్పు పెచ్చు రాత్రి పూట ఊడి పడింది. పగలైతే కింద మనుషులు ఉండేవాళ్ళు.

హోటల్ నడపండి అంటారు. నడిపాం. బైపాస్ మీద కార్లు ఆగే హోటళ్ళు వచ్చాయి, వీధికో టిఫిన్ సెంటర్ వచ్చింది. చివరి ఏడాది మా చిన్నాన్న వంట మాస్టర్‌కు జీతం ఇవ్వడానికి తన బండి అమ్ముకున్నాడు. మాస్టర్‌ను తీసెయ్యలేకపోయాడు, ముప్పై రెండేళ్ళు మా దగ్గరే చేశాడు గనుక.

ఊరు వద్దంటే మేం అమ్మకుండా ఆగాలి. ఆగితే వచ్చే వానకు దాని కింద ఎవరైనా పడితే కేసు మా మీద. అభిమానం ఊరిది, భారం మాది. ఇది న్యాయమా అని అడుగుతున్నాను, కోపంతో కాదు.

రోజూ తిరిగేవాడు

మనవడి మాటే నా మాట. ఆ మూల మీద రోజూ ఆటోలు ఇరుక్కుపోతాయి. మొన్న అంబులెన్స్ ఆగిపోయింది. ప్రభుత్వం దగ్గర డబ్బులుంటే ముందు బడి పైకప్పులు బాగు చేయాలి. చాయ్ తాగిన జ్ఞాపకం మంచిదే, దాని కోసం మొత్తం బజారును ఇరుకులో ఉంచడం నాకు సరిగ్గా అనిపించదు.

డంగుసున్నం

నేను సివిల్ ఇంజనీర్‌ని, ప్రైవేటుగా పని చేస్తాను. పాత ఇళ్ళ మరమ్మతులు కొన్ని చేశాను. ఈ భవనం మెట్ల దాకా వెళ్ళి చూశాను కాబట్టి చెప్తున్నాను.

గోడలు రాయి, డంగుసున్నంతో కట్టినవి. రెండడుగుల మందం. గానుగలో సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి తిప్పి తీసిన ముద్ద అది. ఇప్పటికీ గోరుతో గీకితే రాలదు. పై కప్పుకు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా చిన్న వాసాలు, వాటి మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కూర్చి, పైన గచ్చు. మద్రాస్ టెర్రస్ అంటారు దీన్ని. కింద నేలకు షాబాద్ బండలు. ఈ మొత్తంలో నాకు పాడై కనబడింది దూలాల చివర్లు మాత్రమే, అదీ వాననీళ్ళు దిగే రెండు చోట్ల.

పెచ్చులు ఊడటానికి కారణం వేరు. ఎప్పుడో మరమ్మతు పేరుతో గదుల్లో సున్నపు గోడల మీద, కప్పు కింద సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. సున్నపు గోడ తేమను పీలుస్తుంది, మళ్ళీ వదులుతుంది. పైన సిమెంటు పొర వేస్తే లోపలి తేమ బయటికి రాదు. అది ఉప్పును వెంట తెచ్చి పొర వెనకే పేరుకుంటుంది, కొన్నేళ్ళకు పొరను తోసేస్తుంది. మనవడి నాలుగో నంబర్ గదిలో జరిగింది అదే. ఊడింది పాత పని కాదు, కొత్త పని.

మరి బాగుచేయడం చవకా అంటే కాదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. దొరికినా నెమ్మదిగా చేస్తారు, నెమ్మదిగానే చెయ్యాలి. అందుకే ఉంచాలా వద్దా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. "కూలిపోతుంది కాబట్టి కూల్చాలి" అన్న మాట మాత్రం నిజం కాదు. అది కూలిపోయే ఇల్లు కాదు.

చరిత్ర క్లాసు

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. పాతబజారు గారూ, మీ తాతగారి మాట మీద గౌరవంతోనే ఒక విషయం సరిచేయాలి. మనం దరఖాస్తు పెడితే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో చనిపోయారు. మరి రాయి మీది 1346 ఏ లెక్క? క్రీస్తు శకం కాదు, అది తేలికే. హిజ్రీ అయితే 1927–28 అవుతుంది. ఫసలీ అయితే 1936–37. ఎలా చూసినా ఆరో నిజాం ఈ గదిలో పడుకునే వీలు లేదు. ఆయన పోయాక పదహారేళ్ళకో, పాతికేళ్ళకో కట్టిన ఇల్లు ఇది.

చదువుకున్న పిల్లలకు కూడా ఫసలీ తెలియడం లేదు కాబట్టి కొంచెం చెప్తాను. హైదరాబాద్ రాజ్యంలో శిస్తులు, జీతాలు, కచేరీ కాగితాలు అన్నీ ఫసలీ సంవత్సరంలో నడిచేవి. అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో ఏడాది మొదలు. తర్వాత దై, బహ్‌మన్, ఇస్ఫందార్ అని వరస. ఫసలీకి 590 కలిపితే, జనవరి నుంచి అయితే 591 కలిపితే, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మన ఇళ్ళలో పాత పహాణీలు, దస్తావేజులు ఉంటే తీసి చూడండి, ఈ నెలల పేర్లే ఉంటాయి. మసీదుల మీద, సమాధుల మీద మామూలుగా హిజ్రీ ఉంటుంది. ఒక వ్యాపారపు ఇంటి మీద ఫసలీ ఉండటమే సహజం అని నా ఊహ. ఊహ మాత్రమే. రాయి మీద అంకెల ముందు ఏదో మాట ఉన్నట్టుంది, కింద నుంచి కనబడదు. ఎవరైనా దగ్గరి ఫోటో పెడితే తేలిపోతుంది.

నిజాం బస చేయకపోతే ఇంటి విలువ తగ్గిపోతుందా? నేను అలా అనుకోను. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైలు, బస్సు వచ్చాక జిల్లా కచేరీకి వచ్చే రైతు, వకీలు, పత్తి కొనే సేటు ఒక రాత్రి ఆగాల్సిన అవసరం పడింది. బంధువులు ఉన్నవాళ్ళు బంధువుల ఇంట్లో, లేనివాళ్ళు సత్రంలో, ముసాఫిర్‌ఖానాలో ఉండేవారు. డబ్బిచ్చి, కులం మతం చెప్పి ఒప్పించే పని లేకుండా గది తీసుకోవడం అనేది మన జిల్లాకు అప్పుడు కొత్త సంగతి. ఈ ఇల్లు ఆ మార్పుకు గుర్తు. నాకు రాజు కన్నా ఆ రైతు ముఖ్యం.

వెనక గోడ

చరిత్ర క్లాసు సార్, "కులం చెప్పకుండా" అని రాశారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నేను రిటైర్ అయిన క్లర్క్‌ని. మాది ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల ఊరు, మాదిగవాడ. 1960ల్లో మా నాయన కోర్టు పని మీద వస్తే నన్ను వెంట తెచ్చేవాడు. మాకు ఆ హోటల్ ముందు తలుపు లేదు. పక్క సందులోంచి వంటింటి వెనక్కి వెళ్ళాలి. అక్కడ గోడకు మేకులు, మేకులకు సత్తు గ్లాసులు వేలాడేవి. మా నాయన ఒకటి తీసి తొట్టిలో కడిగి పట్టుకుంటే లోపలి పిల్లవాడు పై నుంచి చాయ్ పోసేవాడు. గ్లాసు కాలేది. మా నాయన తువ్వాలు కొంగుతో పట్టుకుని నాకు తాగించేవాడు. తాగి, మళ్ళీ కడిగి, అదే మేకుకు తగిలించి రావాలి. పైసలు గల్లా మీద పెట్టనిచ్చేవారు కాదు, కింద మెట్టు మీద పెట్టాలి.

అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చిన పదేళ్ళ తర్వాత నేను ఆ మేకు చూశాను. 1970ల్లో కాలేజీలో చేరాక ఒకరోజు నలుగురం స్నేహితులం ముందు తలుపులోంచి వెళ్ళి కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. పాలరాయి బల్ల మీద కప్పు పెట్టారు. నాకు చేతులు వణికి సాసర్‌లోకి సగం ఒలికింది. ఇంటికి వచ్చి నాయనకు చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "బిస్కెట్ గూడ దిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

కాబట్టి నాకు ఆ ఇల్లు పోతే బాధ ఏమీ లేదు అనుకున్నాను. ఇన్ని రోజులు అలాగే అనుకున్నాను. కానీ మీ అందరూ సాసర్, బిస్కెట్, లతలు అని రాస్తుంటే ఇంకో భయం వేసింది. ఇల్లు పోయి మీ జ్ఞాపకం మాత్రమే మిగిలితే నా మేకు ఎక్కడా ఉండదు. ఉంచేట్టయితే ముందు గోడతో పాటు వెనక గోడ కూడా ఉంచండి. రంగు వేసి, పూలకుండీలు పెట్టి, వెనక గోడ తీసేసి ఉంచేట్టయితే వద్దు, మొత్తం పడగొట్టండి.

పాతబజారు

వెనక గోడ సార్, నేను ఆరేళ్ళవాడిగా కూర్చున్న అదే కాలంలో మీరు సందులో నిలబడి ఉన్నారు. మా తాతకు ఆ సందు తెలియకుండా ఉండదు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను మొదట రాసిన దరఖాస్తు నమూనా తీసేశాను. మళ్ళీ రాస్తే మీతో కలిసి రాస్తాను.

గల్లా మీది మనవడు

సార్, ఆ మేకులు ఇంకా ఉన్నాయి. మూడు. మా చిన్నప్పుడు అవి బకెట్లు తగిలించడానికి అనుకునేవాళ్ళం. మా తాత చేసింది తప్పు. ఊరంతా అలాగే చేసింది అని నేను సాకు చెప్పను.

బొంబాయి బస్సు

పుణె నుంచి రాస్తున్నాను. మాది మక్తల్ వైపు. మా అమ్మా నాయన గుంపు మేస్త్రీ వెంట పనికి వెళ్ళేవాళ్ళు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్‌లో రాళ్ళు మోసింది మా తాత వయసువాళ్ళు. ఆ ఆనకట్టకు 1955లో నెహ్రూ పునాది వేశారు, అంత పెద్ద రాతి కట్టడం చాలా భాగం మనుషుల చేతులతోనే లేచింది. ఆ తర్వాత కాలువలు, రోడ్లు, పెద్ద ఊళ్ళ బిల్డింగులు. మేస్త్రీ ముందుగా అడ్వాన్స్ ఇస్తాడు, ఆ అడ్వాన్స్ తీరేదాకా ఎక్కడికి తీసుకుపోతే అక్కడ పని.

ఆ అడ్వాన్స్ లెక్క మా నాయనకు రెండుసార్లు ఈ హోటల్ వరండాలో జరిగింది. లోపల కాదు. వరండా అరుగు మీద మేస్త్రీ కూర్చునేవాడు, మావాళ్ళు మెట్ల మీద. మేస్త్రీకి చాయ్ లోపలి నుంచి వచ్చేది. మా నాయన వేలిముద్ర వేసిన నోటుబుక్కు కింద పెట్టింది ఆ షాబాద్ బండ మీదే. రాత్రి బస్సుకు ఇంకా టైముంటే ఆ అరుగు మీద మూటలు పెట్టుకుని పడుకునేవాళ్ళం. ఒక్కసారి కూడా ఎవరూ లేపి పంపలేదు. ఆ ఒక్క విషయానికి ఆ గల్లా మీది పెద్దాయనకు నేను దండం పెడతాను.

బల్లలు, బిస్కెట్లు నాకు తెలియవు. నా హోటల్ అంటే ఆ అరుగే. కాంప్లెక్స్ కడితే అరుగు ఉండదు, వాచ్‌మన్ ఉంటాడు. ఇప్పుడూ మా ఊరివాళ్ళు మూటలతో ఆ రోడ్డు మీద బస్సు కోసం నిలబడుతున్నారు.

పిండి రుబ్బిన ఇల్లు

అన్నలారా, ఇంత చర్చలో ఒక్క ఆడమనిషి కనబడలేదు. మా అమ్మ ఆ హోటల్ వెనక వాకిట్లో పద్దెనిమిదేళ్ళు పిండి రుబ్బింది. తెల్లవారుజామున మూడింటికి వెళ్ళేది. రెండు రోళ్ళు, ఒకటి మినప్పప్పుకు, ఒకటి బియ్యానికి. గ్రైండర్ వచ్చేదాకా అదే. కుడి భుజానికి బతికినన్నాళ్ళూ నొప్పే. సాయంత్రం కూలితో పాటు మిగిలిన ఇడ్లీలు ఆకులో కట్టి ఇచ్చేవారు, మా ముగ్గురు పిల్లలకు అదే రాత్రి భోజనం.

ఆ హోటల్ ఇడ్లీ మెత్తగా ఉండేదని ఊరంతా చెప్పుకునేది. మాస్టర్ చేతివాటం అనేవాళ్ళు. మా అమ్మ పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ బల్ల దగ్గర కూర్చుని ఆ ఇడ్లీ తినలేదు. తర్వాత ఎప్పుడో కర్టెన్ కట్టి ఫ్యామిలీ అని బోర్డు పెట్టారు. అప్పటికి ఆమెకు వెళ్ళాలనే ఆశ లేదు.

ఇంటిని ఉంచుతారో పడగొడతారో నేను చెప్పలేను, మనవడి ఇంటి కష్టం నాకు అర్థమవుతుంది. చరిత్ర రాస్తే మాత్రం అక్కడ పని చేసినవాళ్ళ పేర్లు రాయండి. భట్టీ దగ్గర, రోటి దగ్గర, బావి దగ్గర పని చేసినవాళ్ళు. పెద్దవాళ్ళు ఇంకా కొందరు బతికి ఉన్నారు. ఇంకో అయిదేళ్ళు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

అఫ్జల్‌గంజ్ పాఠకుడు

హైదరాబాద్‌లో ఉంటాను, పుట్టింది వనపర్తిలో. దరఖాస్తు, చట్టం అంటున్నారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

తెలంగాణ వారసత్వ కట్టడాల చట్టం 2017లో వచ్చింది. 2019లో హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్నప్పుడు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇది విని మనం కూడా గెలుస్తాం అనుకోవద్దు. ఎర్రమంజిల్ ప్రభుత్వ ఆస్తి, అప్పటికే వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నది. ఇది ఇరవై ఇద్దరి సొంత ఇల్లు, ఏ జాబితాలోనూ లేదు. పైగా జాబితాలో చేరితే అన్నీ సర్దుకుంటాయా? హైదరాబాద్ రిట్జ్ హోటల్‌ను చూడండి. 1915లో నిజామత్ జంగ్ కట్టుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్ అది. తర్వాత నిజాం కొడుకు మొజాం జా ఉన్నాడు, తర్వాత హోటల్ అయింది. ఒకప్పుడు నగరంలో రిట్జ్ అంటే గొప్ప. హోటల్ మూతపడ్డాక ప్రభుత్వం చేతిలోనే ఉండి కూడా ఏళ్ళ తరబడి పెచ్చులూడుతూ పడి ఉంది. ఫలక్‌నుమాకు ఆ గతి పట్టలేదు. 2010లో హోటల్‌గా తెరిచారు, దాని వెనక పెద్ద కంపెనీ డబ్బు ఉంది గనుక. మన ఊరి తొమ్మిది గదులకు ఆ డబ్బు రాదు.

అందుకని ఒక మధ్య దారి అడుగుతున్నాను. ఖాళీ స్థలం వెనక వైపే ఎక్కువ కదా? కొనేవాళ్ళను కూర్చోబెట్టి, ముందు భాగం, అరుగు, మెట్లు ఉంచి వెనక కట్టుకోమంటే?

వెనక గోడ

మధ్య దారిలో మళ్ళీ వెనక గోడే పోతుంది సార్.

అఫ్జల్‌గంజ్ పాఠకుడు

నిజమే. రాసేటప్పుడు నాకు తట్టలేదు. క్షమించండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డంగుసున్నం

నిన్న మనవడు తాళం తీస్తే ఇద్దరం పై వరండా ఎక్కాం. నిచ్చెన వేసి రాయిని తడి గుడ్డతో తుడిచి ఫోటో తీశాను, ఇక్కడ పెట్టాను. అంకెల ముందు ఉన్న మాట మసీదు పక్కన ఉండే పెద్దాయన చదివి చెప్పారు. "మెహర్."

ఇంకో విషయం. వెనక గోడ కూడా అదే రాయి, అదే సున్నం. ముందు గోడ కన్నా గట్టిగా ఉంది, దాని మీద ఎవరూ సిమెంటు పూయలేదు. మేకులు తాకలేదు, అలాగే ఉన్నాయి. కొలతలు తీసుకున్నాను. మొత్తం ఇంటి ప్లాను, ప్రతి గోడ, ప్రతి తలుపు గీసి ఇస్తాను. అమ్మినా, అమ్మకపోయినా ఆ కాగితం ఉండాలి. డబ్బులు వద్దు.

చరిత్ర క్లాసు

మెహర్ ఫసలీ నెల, హిజ్రీలో ఆ పేరుతో నెల లేదు. అంటే మెహర్ 1346, ఇంగ్లీషు లెక్కలో 1937 ఆగస్టు, సెప్టెంబరు. ఏడో నిజాం రజతోత్సవం జరిగిన ఏడాదే. ఇప్పుడు మన దగ్గర ఒక గట్టి తేదీ ఉంది. దీన్ని పట్టుకుని మిగతావి అడగాలి.

మనవడూ, మీ ఇంట్లో లాడ్జి రిజిస్టర్లు ఏమైనా మిగిలాయా? ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. 1956 సెప్టెంబరు 2న జడ్చర్లకు, మన ఊరికి మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులో తమిళనాడులోని అరియలూరు రైలు ప్రమాదం తర్వాతే ఒప్పుకున్నారు. ఆ కథ పుస్తకాల్లో ఢిల్లీ వైపు నుంచే ఉంటుంది. తమవాళ్ళ శవాల కోసం వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో, ఎన్ని రాత్రులు ఉన్నారో చెప్పగలిగేది ఇలాంటి రిజిస్టరే.

గల్లా మీది మనవడు

మా అమ్మ అటక మీద రేకు పెట్టె దింపించింది. అందులో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఉర్దూలో ఉంది, మొదటి పేజీ ఫోటో పెడుతున్నాను. రెండోది తెలుగులో, అట్ట మీద 1956 అని ఉంది.

అమ్మకం విషయం కూడా చెప్తాను. మావాళ్ళతో మాట్లాడాను. అమ్మకం ఆగదు, ఆపమని నేను అడగలేను కూడా. దసరా దాకా మాత్రం ఎవరికీ తాళాలు ఇవ్వరు. అప్పటిదాకా మీరు ఎవరు వచ్చి కొలుచుకున్నా, ఫోటోలు తీసుకున్నా, కూర్చున్నా సరే. మేకులున్న రాళ్ళను తీసి ఇవ్వడానికి మా చిన్నాన్న ఒప్పుకున్నాడు. ఎక్కడ పెట్టాలో వెనక గోడ సారే చెప్పాలి. పిండి రుబ్బిన అమ్మ పేరు మా జీతాల పద్దులో దొరికింది అక్కా, ఫోటో మీకు విడిగా పంపాను.

చరిత్ర క్లాసు

ఉర్దూ పుస్తకం మొదటి పేజీ చూశాను. నాలుగు వరసలు. పేరు, వల్దియత్, సకూనత్, పేషా. అంటే పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి. పక్కన హాలీ సిక్కాలో, అంటే నిజాం రాజ్యపు రూపాయల్లో, కిరాయి. 1357 ఫసలీ. మీరు తర్వాత పంపిన మూడు ఫోటోల్లో నెల ఆబాన్, అంటే 1948 సెప్టెంబరు, హైదరాబాద్ రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య జరిగిన నెల. మొదటి వారం దాకా రోజుకు ఆరేడు పేర్లు ఉన్నాయి. తర్వాత పేజీకి తేదీలు వేశారు గానీ ఎదురుగా ఏమీ రాయలేదు. పదకొండు రోజులు ఖాళీ. ఆ తర్వాత ఒకే ఒక్క పేరు, ఊరు నారాయణపేట, పేషా దగ్గర "జులాహా" అని ఉంది, నేతపనివాడు. కిరాయి గడిలో గీత కొట్టి ఉంది. తీసుకోలేదనుకుంటాను.

1956 పుస్తకాన్ని దయచేసి తెరవకండి. ఫోటోలో అంచులు చూస్తే చెదలు లోపలి దాకా వెళ్ళినట్టుంది, పేజీలు అతుక్కుని ఉన్నాయి. బలవంతంగా విప్పితే పొడి అయిపోతుంది. ఎండలో కూడా పెట్టొద్దు. పాత నూలు గుడ్డలో చుట్టి అలాగే ఉంచండి. ఆదివారం పదింటికి నేను వస్తాను, వెనక గోడ సార్‌ను కూడా వెంట తీసుకొస్తాను.

గల్లా మీది మనవడు

సరే సార్. ముందు తలుపు తీసే ఉంచుతాను. మాస్టర్‌కు కూడా ఫోన్ చేశాను, చాయ్ ఆయన పెడతానన్నాడు.